బెంగళూరులో బతకాలనిపించని రోజులు: ఒక్క కారణం కోసం వెతకొద్దు

మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ వార్త అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. మనవైపు కుర్రాడే, ఫలానా కంపెనీ, మారతహళ్లి దగ్గర పీజీలో ఉండేవాడు, ఇక లేడు. అయ్యో అని నాలుగు మెసేజ్‌లు పడతాయో లేదో, 'కారణం ఏంటంట?' అని ఎవరో ఒకరు అడిగేస్తారు. ఇక జవాబులు మొదలవుతాయి. ఆఫీసులో ప్రెషర్ అంట, కాదు కాదు లవ్ ఫెయిల్యూర్ అంట, బెట్టింగ్ యాప్‌లో డబ్బులు పోగొట్టుకున్నాడంట. వాటిలో ఏదో ఒకటి ఖాయమైపోతుంది, ఆ తర్వాత మళ్లీ ఫ్లాట్ల రేట్లు, పండక్కి బస్ టికెట్లు. ఆ ఒక్క కారణం మన ఇంట్లో లేదు కదా, మనకేం కాదులే అనే ధైర్యం అందరికీ వచ్చేస్తుంది.

అది తప్పుడు ధైర్యం. దాని గురించే ఈ పోస్టు. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, దగ్గరివాళ్లలో ఇలాంటి ఆలోచనలతో నలిగిపోయినవాళ్లను చూశాను, అందుకని ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదువుతుండగా ఇది మీ గురించే అనిపిస్తే మిగతాది తర్వాత చదవచ్చు, ముందు 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం నడిపేది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ముందు కొన్ని అంకెలు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో చనిపోయారు. లక్ష జనాభాకు 12.4 మంది. పెద్ద నగరాలను విడిగా తీస్తే అది లక్షకు 16.4. ఒక్క బెంగళూరులోనే ఆ ఏడాది 2,313 మంది. అదే రిపోర్టులో కారణాల పట్టిక కూడా ఉంటుంది: కుటుంబ సమస్యలు 31.7 శాతం, జబ్బు 18.4 శాతం, ఆ కింద మత్తు, పెళ్లి గొడవలు, ప్రేమ వ్యవహారాలు, అప్పులు. పేపర్లు ఈ పట్టికను ఎత్తి అలాగే వేసేస్తాయి. కానీ అది ఎలా తయారవుతుందో ఒకసారి ఆలోచించండి. మనిషి పోయాక పోలీసులు వస్తారు, ఏడుస్తున్న ఇంటివాళ్లను నాలుగు ప్రశ్నలు అడుగుతారు, వాళ్లు ఆ స్థితిలో నోటికి వచ్చిందో, ఏది చెబితే పరువు దక్కుతుందనిపిస్తే అదో చెబుతారు, దాన్ని తీసుకెళ్లి ఒక గడిలో వేస్తారు. 'కుటుంబ సమస్యలు' అనే గడిలో ఏదైనా పట్టేస్తుంది. ఏళ్ల తరబడి నిద్ర లేకపోవడం, దానికోసం మొదలైన తాగుడు, తాగుడు భరించలేక భార్య పుట్టింటికి వెళ్లిపోవడం, ఈలోగా ఉద్యోగం పోవడం, ఇన్నీ కలిపి ఒకే గడి. జబ్బుల కింద మానసిక జబ్బులకూ చోటుంది గానీ, బతికున్నప్పుడే ఎవరూ గుర్తుపట్టని డిప్రెషన్ పోయాక మాత్రం అందులోకి ఎలా వస్తుంది?

ఇదే బెంగళూరులో ఉన్న జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన డాక్టర్ గురురాజ్, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్ని ఇంకో పద్ధతిలో చూశారు. వాళ్ల అధ్యయనం 2004లో అచ్చయింది. ఆత్మహత్యతో చనిపోయినవారి వివరాలు కుటుంబాలను అడిగి తెలుసుకుని, వాటిని బతికున్నవాళ్ల వివరాలతో పక్కపక్కన పెట్టి పోల్చారు. చనిపోయినవాళ్లలో ఏది ఎక్కువగా కనబడిందో చూస్తే, అన్నిటికన్నా పైన ఉన్నది అంతకుముందే ఒకసారి ప్రయత్నించి ఉండటం. ఆ తర్వాత భార్యాభర్తల మధ్య, ఇంట్లోవాళ్ల మధ్య తెగని గొడవలు, తాగుడు, మానసిక జబ్బు, ఉన్నట్టుండి ఆర్థికంగా దెబ్బతినడం, ఇంట్లో హింస, నిరుద్యోగం. వీటిలో ఏ ఒక్కటో మనిషిని అక్కడిదాకా తీసుకెళ్లదనీ, ఇవి ఒకదానితో ఒకటి కలిసి, మళ్లీ మళ్లీ దెబ్బ తీస్తూ పేరుకుంటాయనీ వాళ్లు తేల్చారు. ఇరవై ఏళ్లు దాటింది, అయినా మన గ్రూపుల్లో ఇప్పటికీ 'కారణం ఏంటంట' దగ్గరే ఉన్నాం.

ఆ జాబితాలో మొదటిదాని దగ్గర కాసేపు ఆగాలి. ఒకసారి ప్రయత్నించి బయటపడినవాళ్ల గురించి మన ఇళ్లలో రెండు మాటలు వినబడతాయి. ఒకటి, 'గండం గడిచింది, బుద్ధొచ్చి ఉంటుంది, ఇక చెయ్యడు' అని. రెండోది, 'అందరూ తన చుట్టూ తిరగాలని చేసింది' అని. రెండూ ప్రమాదమే. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన తర్వాతి వారాలు, నెలలే అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. సరిగ్గా అప్పుడే మనవాళ్లు ఏం చేస్తారంటే, ఆ విషయం ఎత్తడమే మానేస్తారు, బంధువులకు ఫుడ్ పాయిజనింగ్ అని చెబుతారు, రెండోసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లరు. సంబంధాలు చూస్తున్న వయసు పిల్లయితే అసలు ఆ ఆస్పత్రి ఫైలే ఇంట్లో ఉండనివ్వరు.

చనిపోవడం వేరు, చనిపోవాలనే ఆలోచన వేరు. ఆలోచన వచ్చినవాళ్లలో చాలామంది బతుకుతారు, బాగుపడతారు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్లలో దాదాపు వందకు ఒకరికి ఆత్మహత్య ముప్పు ఎక్కువ స్థాయిలో ఉందని అందులో తేలింది. అది ఆడవాళ్లలో, 40 నుంచి 49 ఏళ్లవాళ్లలో, మహానగరాల్లో ఉండేవాళ్లలో ఎక్కువ. మనం మాట్లాడుకునేది ఎప్పుడూ ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ల గురించే కాబట్టి ఆ నలభైల సంగతి చదివినప్పుడు నేను ఆగిపోయాను. నా చుట్టూ ఉన్న నలభైలవాళ్లను తలుచుకుంటే మాత్రం ఆశ్చర్యం అనిపించలేదు. వర్తూరు వైపు ఫ్లాటు, ఇంకా చాలా ఏళ్లు మిగిలిన లోను, పిల్లల స్కూలు ఫీజు, ఊళ్లో నాన్నకు డయాలసిస్, ఆఫీసులో తన కింద పనిచేసిన అబ్బాయే ఇప్పుడు మేనేజరు, ఉద్యోగం తీసేశామనే మెయిల్ ఏ నెలలో వస్తుందో తెలియని భయం. ఈ మనిషికి 'ఎలా ఉన్నావు' అని ఫోన్ చేసేవాళ్లు ఉండరు, అందరూ ఆయనకు ఏదో ఒక అవసరం మీద ఫోన్ చేసేవాళ్లే.

ఆడవాళ్ల విషయం ఇంకా తక్కువ మాట్లాడతాం. ఆలోచనలు ఆడవాళ్లలో ఎక్కువ, మరణాలు మగవాళ్లలో ఎక్కువ. 2022 లెక్కల్లో మగవాళ్లు 1,22,724 మంది, ఆడవాళ్లు 48,172 మంది. ఆ ఆడవాళ్లలో సగానికి పైగా గృహిణులు. పెళ్లయి ఇక్కడికి వచ్చిన అమ్మాయిని ఊహించుకోండి. బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసింది, కన్నడ రాదు, పక్క ఫ్లాటువాళ్ల తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది, భర్త పొద్దున్న వెళితే ట్రాఫిక్‌లో పడి రాత్రి తొమ్మిదికి వస్తాడు, బిడ్డ రాత్రంతా పడుకోదు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ నిజమైన జబ్బు, దానికి మందులూ ఉన్నాయి, కౌన్సెలింగూ ఉంది. కానీ ఆమెకు ఫోన్లో దొరికే జవాబు, 'మేం ముగ్గుర్ని కనలేదా? ఏసీ ఇంట్లో కూర్చుని నీకేం టెన్షనే' అని. ఇక కొట్టే భర్త ఉన్న ఇంట్లో అయితే పుట్టింటికి వస్తానంటే సర్దుకోమంటారు. ఇంట్లో దెబ్బలు తినడం కూడా ఆ బెంగళూరు అధ్యయనంలో తేలిన ముప్పుల్లో ఒకటని పైన చెప్పాను. సర్దుకోమని చెప్పే ప్రతి తల్లికీ ఎవరో ఒకరు ఈ సంగతి చెప్పాలి.

ఇంకొకటి. మన పోస్టులన్నీ ఐటీవాళ్ల గురించే ఉంటాయి, రాసేవాళ్లం, చదివేవాళ్లం మనమే కాబట్టి. 2022లో చనిపోయినవాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా రోజు కూలీ మీద బతికేవాళ్లు. సర్జాపుర రోడ్డు మీద లేచే ప్రతి టవర్ పక్కనా రేకుల షెడ్లు ఉంటాయి, అందులో అనంతపురం, కర్నూలు, రాయచూరు, యాదగిరి నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా ఇంటికి వెళ్లలేరు. దెబ్బ తగిలి పని ఆగితే ఆ రోజు నుంచే డబ్బు ఆగుతుంది. వాళ్లు పోయినప్పుడు మన గ్రూపుల్లో వార్త కూడా రాదు.

నగరం ప్రత్యేకంగా ఏం చేస్తుందంటే, మనిషి మారడం ఎవరికీ కనబడకుండా చేస్తుంది. ఊరు స్వర్గమని నేను అనను. రైతులు ఎంతమంది పోయారో మన జిల్లాలవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఊళ్లో రెండ్రోజులు వాకిట్లోకి రాకపోతే ఎదురింటి పెద్దమ్మ వచ్చి 'ఏం నాయనా, ఒంట్లో బాలేదా' అంటుంది. పీజీలో ముగ్గురు ఒకే గదిలో ఉంటారు, ఒకడిది యూఎస్ షిఫ్ట్, ఒకడిది పగటి షిఫ్ట్, మూడోవాడు శుక్రవారం సాయంత్రం మడివాళలో బస్సెక్కి ఊరికి పోతాడు. ఒకడు తినడం మానేశాడని మెస్‌లో ఎవరికి తెలుస్తుంది? వర్క్ ఫ్రమ్ హోమ్ అయితే కెమెరా ఆపేసిన మీటింగులో గొంతు వినిపిస్తే చాలు, బాగున్నాడనే లెక్క.

నిద్ర గురించి ఎవరూ పట్టించుకోరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం డిప్రెషన్‌కు గుర్తు మాత్రమే అనుకుంటాం, కానీ అదే విడిగా ఒక ముప్పు కూడా అని పరిశోధనలు చెబుతున్నాయి. అర్ధరాత్రి రెండు గంటలకు మెలకువగా ఉన్న మనసుకు కనిపించే సమస్య పొద్దున్న పదింటికి కనిపించే సమస్య కాదు. దానికి తాగుడు తోడైతే మనిషిలో ఆగే శక్తి తగ్గిపోతుంది, అప్పటిదాకా ఆలోచనగా ఉన్నది ఆ కాసేపట్లో పనిగా మారే ప్రమాదం ఉంది. చాలామందిలో ఆ తీవ్రత కొద్ది గంటలకు మించి అదే స్థాయిలో ఉండదు. అందుకే ఆ గంటల్లో పక్కన ఒక మనిషి ఉండటం అంత ముఖ్యం.

అప్పుల గురించి రెండు ముక్కలు. లోన్ యాప్‌లవాళ్లు కాంటాక్టులన్నిటికీ మెసేజ్‌లు పెడతామని, ఫోటోలు మార్చి పంపుతామని బెదిరిస్తారు. ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టు, ఫోటోల జోలికి వెళ్లకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే రూలు పెట్టింది. అంటే అలా బెదిరించేవాడే తప్పు చేస్తున్నాడు. 1930 సైబర్ క్రైమ్ నంబరు, కంప్లైంట్ ఇవ్వండి. అప్పుకన్నా మనిషిని ఎక్కువ తినేది పరువు పోతుందన్న భయం, అందుకని ఇంట్లో ఒక్కరికైనా ముందుగా మీరే చెప్పేస్తే వాడి చేతిలో ఆయుధం సగం పోయినట్టే.

ఇన్ని చెప్పినా, ఇదే కష్టాలున్న పదిమందిలో ఒకరికి బతకాలనిపించకపోవడం, మిగతావాళ్లు ఎలాగో నెట్టుకురావడం ఎందుకు అనే ప్రశ్న మిగులుతుంది. థామస్ జాయినర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చెప్పిన మాట నాకు మన ఇళ్ల గురించే చెప్పినట్టుంటుంది. రెండు భావాలు ఒకేసారి గట్టిపడినప్పుడు చావాలనే కోరిక పుడుతుందంటాడు. ఒకటి, నేను ఎవరికీ చెందను అనిపించడం. రెండోది, నేను అందరికీ బరువయ్యాను అనిపించడం. ఈ రెండోది మన పిల్లల్లో ఎంత సులువుగా పెరుగుతుందో చూడండి. చదువుకు పొలం అమ్మారు, నగలు కుదువ పెట్టారు, ఆ సంగతి చిన్నప్పటి నుంచీ వింటూ పెరుగుతాడు. ఉద్యోగం ఉన్నంతకాలం అది గర్వం. ఉద్యోగం పోయిన రోజు నుంచి తన ప్రాణమే ఒక ఖర్చులా కనబడుతుంది.

మా ఊరి కుర్రాడొకడు కుందలహళ్లి గేట్ దగ్గర టీ తాగుతూ సరిగ్గా అదే చెప్పాడు. బాగా చిక్కిపోయాడు, ఏంట్రా అంటే 'ఏం లేదన్నా, నిద్ర పట్టట్లేదు, పీఐపీలో పెట్టినారు' అన్నాడు. అంటే పని మెరుగుపడకపోతే ఉద్యోగం తీసేస్తామని కంపెనీ గడువు పెట్టడం. ఇంట్లో చెప్పావా అంటే, 'ఎట్ల చెప్పేదన్నా, మా నాయన నా బీటెక్‌కు రెండెకరాలు అమ్మినాడు. నేను లేకుంటేనే వాళ్లకు బరువు తగ్గుతాది' అన్నాడు. మామూలుగా అయితే అక్కడ ఎవరైనా 'ఛ, అలాంటి మాటలు మాట్లాడకు' అంటారు. నేను అప్పటికే కొంత చదివి ఉన్నాను కాబట్టి సూటిగా అడిగాను, 'చచ్చిపోవాలనిపిస్తాందా?' అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అవునన్నాడు. ఆ తర్వాత టీ కొట్టు మూసేదాకా వాడే మాట్లాడాడు, నేను విన్నాను. ఎప్పటి నుంచి, ఏ వేళల్లో ఎక్కువ, ఎలా అని కూడా ఏమైనా అనుకున్నావా, అన్నీ అడిగాను. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకోబెట్టాను, పొద్దున్న సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాం. వాళ్ల నాన్నకు వాడి ముందే ఫోన్ చేస్తే ఆయన అన్నది ఒకటే మాట, 'పొలం పోతే పోయిందిలే నాయనా, నువ్వు ఇంటికి రా.'

ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని అందరికీ భయం. అలా జరగదని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది, అడిగితే చాలామందికి ఊరటే కలుగుతుంది. డొంకతిరుగుడుగా 'అంతా ఓకేనా' అంటే 'ఓకే' అనే వస్తుంది. 'నేను లేకపోతేనే మీకు హాయి' లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు ఊరికే ఇచ్చేయడం, ఉన్నట్టుండి అందరికీ ఫోన్ చేసి మాట్లాడటం, చాలా రోజుల దిగులు తర్వాత ఒక్కసారిగా ప్రశాంతంగా మారిపోవడం, ఇవి కనబడితే సూటిగా అడగండి. అవునంటే ఉపన్యాసం ఇవ్వకండి, అమ్మానాన్నల్ని గుర్తు చేసి తప్పు చేస్తున్నట్టు మాట్లాడకండి, ఎందుకంటే ఆ మనిషి అప్పటికే తనను బరువుగా చూసుకుంటున్నాడు. ఒంటరిగా వదలకండి. ఎలా చేసుకోవాలో అనుకున్నానని చెబితే దానికి వాడగలిగినవి అందుబాటులో లేకుండా చూడండి. పరిస్థితి మీ చెయ్యి దాటుతోందనిపిస్తే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఎమర్జెన్సీ 24 గంటలూ ఉంటుంది. అనంతపురం, చిత్తూరు నుంచి రోజూ జనం వచ్చే చోటు, తెలుగుకు ఇబ్బంది ఉండదు.

పోలీస్ కేసు అవుతుందనే భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లనివాళ్లు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, విచారించి శిక్షించకూడదు అంటుంది. 2024 జులై నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేనే లేదు. శరీరానికి వచ్చే జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని కూడా ఆ 2017 చట్టంలోనే ఉంది, మీ ఆఫీసు పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి, డాక్టర్ ఫీజు కవర్ కాకపోతే హెచ్ఆర్‌ను అడగండి.

ఇక పీజీలు నడిపేవాళ్లకు, అపార్ట్‌మెంట్ కమిటీల్లో ఉన్న మనవాళ్లకు ఒక విన్నపం. మెస్ దగ్గర వారం మెనూ అంటించే చోటే 14416 అని పెద్ద అక్షరాలతో తెలుగులో, కన్నడలో, హిందీలో, ఇంగ్లిష్‌లో ఒక కాగితం అంటించండి. వాచ్‌మన్ గదిలో ఒకటి, పక్కన కట్టే బిల్డింగ్ షెడ్ల దగ్గర మేస్త్రీని అడిగి ఒకటి. చదవలేనివాళ్లకు నోటితో చెప్పండి. రెండ్రోజులుగా భోజనానికి దిగని కుర్రాడు ఉంటే వంటమనిషికి ముందు తెలుస్తుంది, తెలిస్తే మీకు చెప్పమని ఆయనకు చెప్పి ఉంచండి.